పదకొండు నెలల ఖాళీ కుర్చీ

పోయిన వారం చార్టమ్మను ఆఫీసు మెట్ల మీద వదిలేశాం. చేతిలో అంటించిన కవరు, కాళ్ళు నేల మీద నిలవని సంతోషం. ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఆసుపత్రులకు ఆక్సిజన్ పైపులైన్లు వేసే కంపెనీలో ఆమె ఎనిమిదేళ్ళుగా కోఆర్డినేటర్. ఎప్పుడు చూసినా ఏదో ఒక గోడకు పనుల పట్టిక అతికిస్తూ కనిపిస్తుంది కాబట్టి సైట్లో అందరికీ చార్టమ్మ. ప్రాజెక్టు మేనేజ్‌మెంటులో పెద్ద సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకుంటాను, నా అనుభవం గురించి ఒక ఉత్తరం రాసివ్వండి సార్ అని మూడేళ్ళుగా కంపెనీ నడిపే పెద్దసారు వెంట పడుతోంది. "నీకెందుకమ్మా అంత బరువు, చిన్నది చాల్లే" అని మూడేళ్ళుగా ఆయన దాటేస్తున్నాడు. అలాంటి మనిషి నిన్న, శుక్రవారం సాయంత్రం, తనంతట తానే పిలిచి, సంతకం పెట్టి ముద్ర వేసిన ఉత్తరాన్ని కవరులో పెట్టి ఇచ్చాడు.

దరఖాస్తుకు గడువు ఈ రోజు సాయంత్రం అయిదు. మళ్ళీ ఏడాది దాకా లేదు.

శనివారం పొద్దున భోజనాల బల్ల మీద ఒక పక్క ల్యాప్‌టాప్, ఒక పక్క చల్లారిన టీ, మధ్యలో ఆ కవరు. చార్టమ్మ కుర్చీలో కూర్చోలేదు. లేస్తోంది, రెండడుగులు వేస్తోంది, మళ్ళీ వచ్చి స్క్రీను చూస్తోంది.

"తిరగలిలా ఆ తిరుగుడేంటే? నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది వదిన, యూనిఫాం చేతులు సర్దుకుంటూ. ఆమె నర్సు. అన్నయ్య పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో గొంతు ఆమెది, మిగతావాళ్ళకు చెవులే. "ఇంతకీ ఈ చిన్నదానికీ పెద్దదానికీ తేడా ఏంటి? మూడేళ్ళుగా వింటున్నా, ఒక్కసారి కూడా అర్థం కాలేదు."

"చిన్నదానికి ఇరవై మూడు గంటలు పాఠాలు విని పరీక్ష రాస్తే చాలు వదినా. పెద్దదానికి ముప్పయ్యారు నెలలు ప్రాజెక్టులు నడిపినట్టు చూపించాలి. ఏ నెల ఏం నిర్ణయించానో రాయాలి. దానికి సాక్షి ఉండాలి."

"అంటే చిన్నది వంట వచ్చని చెప్పేది. పెద్దది ఇంతమందికి వండి పెట్టానని చెప్పేది."

"అంతే. పైగా తిన్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకోవాలి."

"మీ అన్నయ్య చేత మాత్రం పెట్టించకు. పదేళ్ళు తిన్నా ఉప్పు తక్కువైందనే రాస్తాడు."

చార్టమ్మ నవ్వింది కానీ చూపు స్క్రీను మీదే ఉంది. పాత ప్రాజెక్టులన్నీ వేసి చూసింది. రెండు పనులు ఒకే నెలలో నడిచినా దాన్ని ఒక నెలగానే తీసుకుంటారు. అలా కొట్టేయగా మిగిలింది ఇరవై ఏడు. వదిన పనిచేసే ఆసుపత్రిలో కొత్త వార్డుకు వేసిన ఆక్సిజన్ లైను పదకొండు నెలల పని. అది కలిస్తే ముప్పయ్యెనిమిది. కలవకపోతే చిన్నదే గతి. చిన్నదానితో వచ్చేదేమీ లేదు. వచ్చే నెల మొదలయ్యే మూడంతస్తుల ఆసుపత్రి పనికి మేనేజరుగా పెద్ద సర్టిఫికెట్ ఉన్నవాళ్ళనే తీసుకుంటామని నోటీసు బోర్డులో ఉంది. ఆ కుర్చీలో మళ్ళీ బయటి నుంచి ఎవడో వచ్చి కూర్చుంటాడు. వాడికి కాగితాలు ఎక్కడున్నాయో చూపించే పని చార్టమ్మది.

కవరు చింపి పైకి చదివింది.

"'సదరు వార్డు ప్రాజెక్టుకు మొదటి రోజు నుంచి ఈమే ప్రాజెక్టు మేనేజర్. పని మొదలుపెట్టడం, ఆపడం, పరీక్షలను ఆమోదించడం సహా అన్ని నిర్ణయాలూ ఈమెవే. ఆరో నెల పద్నాలుగో తేదీన మొదలై ఇరవై నాలుగు గంటలు సాగిన ప్రెషర్ టెస్టు ఈమె పర్యవేక్షణలోనే జరిగింది.'"

ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఎవరో ఆమెను మేనేజర్ అన్నారు, అదీ ముద్ర వేసి మరీ. ఆ పదకొండు నెలలూ కాగితాల మీద మేనేజర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉండేది. ఇవాళ వేస్తాం, రేపు వేస్తాం అంటూ కంపెనీ ఎవర్నీ వేయలేదు. పనేమో ఈమె చేసింది.

వదిన హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గర ఆగింది.

"బాగుందే. కానీ ఒక్క మాట. ఎనిమిదేళ్ళలో నువ్వు ఒక్కరోజు సెలవడిగితే ఏ రోజని నాలుగుసార్లు అడిగిన మనిషి కదా ఆయన? ఒక టెస్టు తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"ఫైల్లో చూసి రాసుంటారు."

"రాసుంటాడు. ఎందుకు రాశాడు అని." చెప్పులు వేసుకుంది. "సోమవారం నుంచి ఆ వార్డు నాది. కొత్త పరుపులు, కొత్త కర్టెన్లు. నువ్వు వేసిన పైపుల కిందే నా డ్యూటీ. వస్తా."

తలుపు పడింది. చార్టమ్మ మళ్ళీ ఫారం ముందు కూర్చుంది. 'ఈ ప్రాజెక్టులో మీరు తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం ఏమిటి?' అన్న గడిలో కర్సరు మినుకుమంటోంది. ఏదో రాయబోయింది. వేళ్ళు ఆగిపోయాయి. వదిన మాట చెవిలో దోమలా తిరుగుతోంది.

పద్నాలుగో తేదీ.

లేచి బీరువా మీదున్న పెట్టె దింపింది. ఆమె ప్రతి సైటుకూ ఒక నోటు పుస్తకం పెడుతుంది. ఎవరూ పెట్టమనలేదు, అలవాటు. వార్డు పుస్తకానికి ఆకుపచ్చ అట్ట. ఆరో నెల, పన్నెండో తేదీ: 'ప్రెషరు కొలిచే గేజీని సరిచూడటానికి ల్యాబుకు పంపాను. పంతొమ్మిదిన వస్తుంది. మన దగ్గర ఉన్నది అదొక్కటే. టెస్టు వాయిదా.' పద్నాలుగో తేదీ: 'పని లేదు. రేపటి నుంచి రెండు వారాలు వేరే సైటుకు వెళ్ళమన్నారు.'

తర్వాతి పేజీ రెండు వారాల తర్వాతది. 'తిరిగొచ్చాను. వార్డు సీలింగు మూసేశారు. టెస్టు అయిపోయిందన్నారు.'

అన్నారు. ఎప్పుడు, ఎవరు చేశారని తను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న ఆ రోజు అడిగి ఉంటే!

పదకొండున్నరకు ల్యాప్‌టాప్ సంచీతో ఆఫీసులో ఉంది. శనివారం కాబట్టి ఫైళ్ళ గదిలో ఎవరూ లేరు. పైన ఫ్యాను ఒక రెక్క వంగి టక్కు టక్కుమని కొట్టుకుంటోంది. వార్డు ఫైలు ఆమె పెట్టిన చోటనే ఉంది, కానీ ఆమె కట్టిన ముడి అది కాదు. టెస్టు కాగితం నలభై రెండో పేజీ. తేదీ పద్నాలుగు. పెట్టిన ప్రెషరు, ఇరవై నాలుగు గంటల తర్వాత మిగిలిన ప్రెషరు, రెండూ సమానం, అంటే ఎక్కడా లీకు లేదని లెక్క. గేజీ నంబరు మూడు వందల పదిహేడు.

మూడు వందల పదిహేడు ఆ రోజు ల్యాబులో ఉంది. పంపిన రసీదు మీద ఆమె చేతిరాతే ఉంది.

కింద మూడు గీతలు. మొదటి దాని మీద పైపు మేస్త్రీ సంతకం. రెండో దాని మీద పెద్దసారు సంతకం. మూడో గీత కింద 'ప్రాజెక్టు మేనేజర్' అని అచ్చయి ఉంది. పైన ఖాళీ.

ఎందుకు రాశాడన్న వదిన ప్రశ్నకు జవాబు ఆ ఖాళీలో దొరికింది.

ఆఫీసు వెనకాల పైపుల షెడ్డులో మేస్త్రీ రాగి గొట్టాలు కొలిపిస్తున్నాడు. చార్టమ్మ ఆ కాగితం ఫోటో చూపించగానే చేతిలోని టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"ఇదెక్కడిదమ్మా మీ దగ్గర?"

"ఫైల్లోదే. మేస్త్రీ గారూ, గేజీ లేకుండా టెస్టు ఎలా చేశారు?"

అతను షెడ్డు తలుపు వైపు చూశాడు. చార్టమ్మ కదల్లేదు.

"సీలింగు వాళ్ళు వచ్చి కూర్చున్నారమ్మా. ఆపితే వాళ్ళు ఇంకో సైటుకి పోతారన్నారు. కింది అంతస్తు టెస్టు కాగితం ఒకటుంది కదా, దాన్నే కాపీ తీసి తేదీ మార్చమన్నారు సారు. తేదీ మార్చాను. గేజీ నంబరు మార్చాలని నాకు తట్టలేదు." చెవి వెనక గోక్కున్నాడు. "అతుకులు నేనే వేశాను, బాగానే వేశాను. ఒక్క మూల తప్ప."

"ఏ మూల?"

"ఉత్తరం వైపు మూల. అక్కడ చెయ్యి పట్టలేదు. టెస్టులో ఎలాగూ బయటపడుతుంది కదా, అప్పుడు చూసుకుందాం అనుకున్నా."

ఆ మూలే నర్సుల బల్ల ఉండే చోటు. ప్లాను చార్టమ్మకు కంఠతా వచ్చు.

"ఒక మాట చెప్పనా అమ్మా" అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి. "ఆ చిన్నదే రాసుకోండి. అందులో మిమ్మల్ని ఏం నడిపారని ఎవడూ అడగడట కదా. మీరు అక్కడ కాగితాలు మోసే మనిషి, అంతే. ఏం జరిగినా మీ జోలికి ఎవడూ రాడు."

నిజమే. షెడ్డు నుంచి పెద్దసారు గది దాకా నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లోనూ ఆమె అదే ఆలోచించింది. చిన్న దరఖాస్తులో ఏ ప్రాజెక్టు పేరూ లేదు, ఏ తేదీ లేదు. నొక్కితే నిమిషంలో అయిపోతుంది. హాయిగా ఇంటికి పోవచ్చు. సోమవారం వదిన డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆమె మొహం వైపు చూడకుండా ఉంటే సరి.

తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళింది.

"రా రా, మేనేజరమ్మా!" అన్నాడు పెద్దసారు. అరవై దగ్గరపడ్డ మనిషి, ఎప్పుడూ తొందరపడడు, ఎవరి మీదా అరవడు. అందుకే ఆయనంటే అందరికీ భయం. "దరఖాస్తు పంపేశావా?"

"ఇంకా లేదు సార్. ఒక సందేహం వచ్చింది."

"అడుగు."

"ఈ ఉత్తరం ప్రకారం మొదటి రోజు నుంచీ మేనేజర్ నేనేనా?"

"నువ్వే. పని ఎవరు చేశారో నాకు తెలీదా? ఇన్నాళ్ళూ చెప్పలేదు, అది నా తప్పు." సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద ఆమె వైపు తిప్పాడు. నలభై రెండో పేజీ, అసలుది. ఫైల్లో ఉన్నది కాపీ అన్నమాట. "ఆసుపత్రి వాళ్ళు మేనేజర్ సంతకం లేదని పేచీ పెడుతున్నారు. సోమవారం లోపల కావాలట. నీదే కదా మరి. ఇక్కడొకటి పెట్టేయ్."

పెన్ను మూత తీసి మరీ అందించాడు.

చార్టమ్మ పెన్ను అందుకోలేదు. "మూడు వందల పదిహేడు ఆ రోజు ల్యాబులో ఉంది సార్."

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నంబరు రాయడంలో పొరపాటు పడి ఉంటారు."

"మన దగ్గర ఇంకో గేజీ లేదు. మేస్త్రీ గారితో మాట్లాడే వచ్చాను."

"అమ్మా," అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "ముప్పయ్యేళ్ళుగా పైపులు వేస్తున్నా. ఒక్కటి కారలేదు. ఏముంది అందులో, ఒక రోజంతా సూది చూస్తూ కూర్చోవడమే కదా."

"ఆ సూది చూడ్డానికే కదా సార్ మనల్ని పిలిచింది."

"మాటలు నేర్చావు." నవ్వాడు. ఆ నవ్వు కళ్ళ దాకా రాలేదు. "సరే, సూటిగా మాట్లాడుకుందాం. నీ ముందు రెండున్నాయి. ఇక్కడ సంతకం పెట్టు, పెద్ద సర్టిఫికెట్ నీది, మూడంతస్తుల పని నీది. నేనే సాక్షిని, నేనే చెబుతా. లేదంటే ఆ ఉత్తరం తిరిగి ఇచ్చేయ్, చిన్నది రాసుకో, ఎప్పట్లాగే ఉండు. నిన్ను ఎవరూ ఏమీ అడగరు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. మేనేజర్ కాని మనిషి ఆసుపత్రికి ఫోను చేసి టెస్టు జరగలేదంటే, ఎవరమ్మా నువ్వు అంటారు. ఏమని చెప్తావు? కోఆర్డినేటర్‌ననా?"

చెయ్యి చాచాడు. ఉత్తరం కోసం.

చార్టమ్మ ఆ చేతి వైపు చూసింది. పొద్దున్నుంచీ ఒక్కచోట నిలవని ఆమె కాళ్ళు అప్పుడు నిలిచాయి. హ్యాండ్‌బ్యాగులోంచి ఉత్తరం తీసింది. మడత విప్పింది. ఇవ్వలేదు.

"'పని మొదలుపెట్టడం, ఆపడం' అని రాశారు సార్. ఆపడం కూడా నా చేతిలోదేనా?"

పెద్దసారు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అదేదో మాటవరసకి..."

"ముద్ర వేశారు కదా."

కుర్చీ లాక్కుని కూర్చుంది. అసలు కాగితాన్ని దగ్గరికి తీసుకుంది. పెన్ను తన బ్యాగులోదే తీసుకుంది. ఖాళీ గీత పైన, మిగిలిన జాగాలో, చార్టుల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాసింది: 'ఈ పరీక్ష జరగలేదు. గేజీ 317 ఆ రోజు ల్యాబులో ఉంది. మళ్ళీ పరీక్ష జరిగేదాకా వార్డు తెరవరాదు.' దాని కింద, ఆ గీత మీద, పదకొండు నెలల పనిలో ఎవరూ పెట్టని సంతకం పెట్టింది.

"పిచ్చా నీకు?" ఈసారి ఆయన అరిచాడు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. "ఇది బయటికెళ్తే ముందు మునిగేది నువ్వే! మేనేజర్ నువ్వని నువ్వే ఒప్పుకున్నట్టు! తిరిగొచ్చాక ఎందుకు అడగలేదంటారు. ఏం చెప్తావు?"

"అడగలేదనే చెప్తాను సార్. అదీ నా తప్పే. రాస్తాను."

ఆయన కాగితం మీదికి వంగేలోపు ఫోన్లో రెండు ఫోటోలు పడ్డాయి. ఒకటి ఉత్తరం, ఒకటి నలభై రెండో పేజీ. కాగితాన్ని బల్ల మీదే వదిలి లేచింది. "అసలుది మీ దగ్గరే ఉంచుకోండి" అని బయటికి నడిచింది. వెనక నుంచి పిలుపు వినిపించింది. తిరిగి చూడలేదు.

మెట్ల మీద కూర్చుంది. సరిగ్గా నిన్న కవరు పట్టుకుని గంతులు వేసిన మెట్టు మీదే. నాలుగు గంటల ముప్పయ్యెనిమిది నిమిషాలు. మధ్యాహ్నమంతా ఎలా గడిచిందో తెలీదు. షెడ్డులో మేస్త్రీ చేత జరిగింది జరిగినట్టు రాయించి సంతకం తీసుకునేసరికే మూడు దాటింది. ఆసుపత్రి భవనాల అధికారికి మెయిల్ రాసింది. రెండు ఫోటోలు, ల్యాబు రసీదు, మేస్త్రీ రాసిచ్చిన కాగితం జతచేసింది. కింద పేరు, దాని కింద 'ప్రాజెక్టు మేనేజర్'. పంపింది. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

శనివారం సాయంత్రం. వార్డు తెరిచేది సోమవారం. మధ్యలో ఒక ఆదివారం ఉంది. ఎవరో ఒకరు చూస్తారు, చూసి తీరాలి అనుకుంది.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. చిన్నదా, పెద్దదా అని రెండు బొత్తాలు పక్కపక్కనే ఉన్నాయి. పెద్దదాని మీద నొక్కింది. వార్డు పని, పదకొండు నెలలు. సాక్షి గడిలో పెద్దసారు పేరే రాసింది. ఆయన ఇప్పుడేం చెబుతాడో దేవుడికెరుక. పొద్దున్నుంచీ ఖాళీగా ఉన్న గడి దగ్గరికి వచ్చింది. 'మీరు తీసుకున్న ముఖ్యమైన నిర్ణయం ఏమిటి?'

ఈసారి వేళ్ళు ఆగలేదు. 'ప్రెషర్ టెస్టు జరగలేదని ఆలస్యంగా తెలుసుకున్నాను. వార్డు తెరవకుండా ఆపమని రాశాను.'

నాలుగు యాభై రెండుకు దరఖాస్తు వెళ్ళిపోయింది. నిజంగానే ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది. ల్యాప్‌టాప్ మూసింది.

అప్పుడే ఫోను మోగింది. భవనాల అధికారి కాదు. వదిన.

"ఎక్కడున్నావే?" వదిన గొంతు ఎప్పటిలా లేదు. ఇంట్లో అందరి మీదా ఎగిరే గొంతు కాదు, అదుపులో పెట్టుకున్న డ్యూటీ గొంతు. "నీకొకటి చెప్పాలి. పాత వార్డు నిండిపోయిందని కొత్తది మధ్యాహ్నమే తెరిచేశారు. రెండింటికి మార్చాం. ఎనిమిది మంది ఉన్నారు, అందరికీ ఆక్సిజన్ నడుస్తోంది."

చార్టమ్మ లేచి నిలబడింది. ల్యాప్‌టాప్ మెట్ల మీద జారి కింద పడింది.

"గోడ మీద ప్యానెల్లో సూది నాలుగు మీద ఉండాలి కదా? ఇందాక మూడున్నర ఉంది. ఇప్పుడు ఇంకా దిగుతోంది. నా బల్ల పైన సీలింగులోంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. సిలిండర్లు తెమ్మన్నాను, పాత వార్డు నుంచి రెండే దొరికాయి."

"ఉత్తరం మూల" అంది చార్టమ్మ, తనలో తనే.

"ఏంటీ? గట్టిగా చెప్పు, ఇక్కడ డాక్టరు గారు అరుస్తున్నారు."

వదిన గొంతు వెనక ఇంకో గొంతు వినిపించింది. మగ గొంతు, కోపం కన్నా భయం ఎక్కువున్న గొంతు: "ఈ లైను వేసిన పనికి మేనేజర్ ఎవరసలు? ఒక్కరైనా ఉన్నారా? ఉంటే ఫోన్లోకి రమ్మనండి!"

వదిన ఊపిరి, ఆ వెనక ఈల, రెండూ ఫోన్లో వినిపిస్తున్నాయి.

చార్టమ్మ అప్పటికే గేటు వైపు పరిగెడుతోంది.

"నేనే వదినా" అంది. "ఫోను ఆయనకివ్వు."